కొడుకూ కోడలికి తిరుపతిలో మొదటి ఇల్లు: ఎటువైపు చూడాలి?

నమస్కారం మాస్టారూ. మీరు చెప్పిన వివరాలు ఇవి. మీరు చిత్తూరులో ఉంటారు, టీచరుగా రిటైరయ్యారు. అబ్బాయి రేణిగుంట విమానాశ్రయం దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కోడలు అలిపిరి రోడ్డులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఇద్దరికీ కలిపి నెలకు చేతికొచ్చేది 62 వేలు. వాళ్లు దాచుకున్నది 5 లక్షలు, మీరిస్తానన్నది 8 లక్షలు. బడ్జెట్ 45 లక్షలు. మీరు చంద్రగిరి వైపు స్థలం కొని కట్టుకోమంటున్నారు, పిల్లలు తిరుపతిలోనే లీలామహల్ చుట్టుపక్కల పాత ఫ్లాటైనా చాలంటున్నారు. ఎవరి మాట సరైనదో చెప్పమన్నారు.

పిల్లల మాటే సరైనది. ఇది మీకు నచ్చకపోవచ్చు. నేను తిరుపతిలో చాలా ఏళ్లు బ్యాంకులో ఇంటి అప్పుల విభాగంలో పనిచేశాను. పిల్లల కోసం ఇల్లు చూడటానికి వచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది తెలియకుండానే తమకు వీలైన చోటు ఎంచుతారు. చంద్రగిరి మీకెందుకు నచ్చిందంటే అది చిత్తూరు నుంచి వచ్చే హైవే మీద ఉంది. బస్సు దిగితే ఇల్లు, తిరుపతి ట్రాఫిక్‌లోకి రానక్కర్లేదు. మీరొచ్చేది నెలకు ఒకటి రెండుసార్లు. వాళ్లు బయటికి వెళ్లి రావాల్సింది రోజూ.

చంద్రగిరి మంచి ఊరే. గాలి బాగుంటుంది, కోట పక్కనే ఉంటుంది, అదే డబ్బుకు జాగా ఎక్కువ వస్తుంది. కానీ అది తిరుపతికి పడమర, అబ్బాయి ఉద్యోగం తూర్పున. బైపాస్ మీద పోయినా ఒక వైపుకే పాతిక కిలోమీటర్ల పైమాట. నెలకు 25 రోజులు బండి మీద తిరిగితే 1,250 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే బండికి దాదాపు 28 లీటర్లు, అంటే ఇంచుమించు 3 వేల రూపాయలు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు అనుకుంటే లక్షకు నెల కిస్తీ సుమారు 868 రూపాయలు. ఆ పెట్రోలు డబ్బుతో మూడున్నర లక్షల అప్పు తీర్చవచ్చు. అంటే చంద్రగిరిలో ఇల్లు మూడున్నర లక్షలు చవకగా దొరికినా మిగిలేదేమీ లేదు. ఇక నైట్ షిఫ్టు దిగి వచ్చే కోడలి ప్రయాణం సంగతి లెక్కలో కూడా వేయలేదు.

ఇప్పుడు అసలు బడ్జెట్ చూద్దాం. మీ 45 లక్షలు నిజానికి 45 కావు. 62 వేల జీతంలో కిస్తీ 40 శాతం దాటితే పిల్లా పాపా పుట్టాక ఊపిరాడదు. ఆ లెక్కన 25 వేలు హద్దు. 28 లక్షల అప్పుకు కిస్తీ సుమారు 24,300 అవుతుంది. దానికి 13 లక్షలు కలిపితే చేతిలో 41. రిజిస్ట్రేషన్‌కు మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. ఇది మామూలుగా బ్యాంకు అప్పులోకి రాదు, సొంతంగా పెట్టుకోవాలి. 37 లక్షల ఇంటికి దాదాపు 2 లక్షల 78 వేలు. మిగిలిన లక్షా ఇరవై వేలు లీగల్ ఫీజులకు, కరెంటు కనెక్షన్ పేరు మార్పుకు, కప్‌బోర్డులకు, కిటికీ దోమతెరలకు ఇట్టే అయిపోతాయి. కాబట్టి మీరు వెతకాల్సింది 37 లక్షల ఇల్లు. బ్రోకరుకు 45 అని చెబితే 48వి చూపిస్తాడు. 35 అనే చెప్పండి.

35 అనడానికి ఇంకో కారణం ఉంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడత 2024లో మొదలైంది. అందులో వడ్డీ రాయితీ భాగం కింద కుటుంబ వార్షికాదాయం 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, అప్పు 25 లక్షల లోపు ఉంటే, మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ వస్తుంది. మొత్తం గరిష్ఠంగా 1 లక్షా 80 వేలు, ఐదు వార్షిక వాయిదాల్లో. దేశంలో ఎక్కడా వాళ్ల పేరున పక్కా ఇల్లు ఉండకూడదు. వీళ్ల ఆదాయం ఏడాదికి ఏడున్నర లక్షల లోపే కాబట్టి ఆ అర్హత ఉంది. ఇల్లు పథకం పరిధిలోకి వచ్చే చోట ఉందో లేదో అప్పు దరఖాస్తు రోజునే బ్యాంకులో అడగండి. అడిగితే తప్ప కొందరు మేనేజర్లు ఆ మాటే ఎత్తరు.

ఇక్కడే మీకొక మాట. మీరు 8 లక్షలు పెడుతున్నారని సేల్ డీడ్‌లో మీ పేరు కూడా వేయించుకోకండి. మీకు చిత్తూరులో సొంతిల్లు ఉంది కాబట్టి ఆ రాయితీకి అడ్డం రావచ్చు. రేపు మీ వాటా మీ అమ్మాయికీ అబ్బాయికీ మధ్య తగువు కావచ్చు. తండ్రి కొడుక్కి ఇచ్చిన డబ్బు మీద ఆదాయపన్ను పడదు. మీ ఖాతా నుంచి వాడి ఖాతాకు బదిలీ చేసి, కానుకగా ఇస్తున్నానని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. అదే రోజు మీ అమ్మాయికి ఫోన్ చేసి ఎంత ఇచ్చారో చెప్పండి. ఇంటి పత్రంలో అబ్బాయితో పాటు కోడలి పేరు ఉండాలి, కిస్తీలో సగం ఆమె జీతం నుంచే పోతుంది కదా. మీ పీఎఫ్ మిగులంతా ఊడ్చి ఇవ్వాలని చూస్తున్నారేమో, వద్దు. 8 అంటే 8.

సరే, ఎటువైపు? ఇద్దరి ఉద్యోగాలనూ కలుపుతూ పోయే రోడ్డు ఒకటుంది: లీలామహల్ నుంచి మంగళం మీదుగా కరకంబాడి రోడ్డు. లీలామహల్ నుంచి కపిలతీర్థం మీదుగా అలిపిరి రోడ్డులోకి కోడలు వెళ్లిపోతుంది. అబ్బాయి కరకంబాడి వైపు నుంచి రేణిగుంటకు దిగిపోతాడు, ఊరి మధ్యలోకి రానక్కర్లేదు. ఫ్యాక్టరీ బస్సు ఉంటే దాని పికప్ పాయింట్లు ఎక్కడో ముందే కనుక్కోమనండి. ఆ పాయింటుకు నడిచిపోయే దూరంలో ఇల్లుంటే రెండో బండి కొనక్కర్లేదు.

ఈ వరసలో నేనైతే ముందు లీలామహల్, కొర్లగుంట సందుల్లో ఎనిమిది పదేళ్ల నాటి ఫ్లాట్లు చూస్తాను. తరవాత మంగళం. కరకంబాడి దాకా పోతే ఇంకాస్త చవక, కానీ కోడలికి దూరం పెరుగుతుంది. ఆ దారంతా శేషాచలం కొండల అంచు కాబట్టి రాత్రిళ్లు ఎక్కడ వీధిలైట్లు ఉన్నాయో, ఎక్కడ లేవో రాత్రి పదింటికి బండి మీద పోయి చూస్తేనే తెలుస్తుంది. యూనివర్సిటీ క్యాంపస్‌లోకే చిరుతలు వస్తున్న ఊరిది, కొండ కింద చివరి వీధి కొనేముందు అక్కడివాళ్లతో మాట్లాడితే తప్పులేదు.

తిరుచానూరు వైపు కూడా పనికొస్తుంది. 2023లో శ్రీనివాససేతు ఫ్లైఓవర్ పూర్తయ్యాక అటునుంచి కపిలతీర్థం వైపు రావడం తేలికైంది. రేణిగుంటకూ దగ్గరే. కానీ కార్తీక బ్రహ్మోత్సవాలప్పుడు, ముఖ్యంగా పంచమీ తీర్థం రోజు, గుడి చుట్టుపక్కల వీధుల్లో బండి కదలదు. అది ఏడాదిలో కొన్నాళ్ల బాధే. అసలు చూడాల్సింది స్వర్ణముఖి నది, ఆ సంగతి కింద చెబుతాను. రేణిగుంటలోనే కొంటే అబ్బాయికి సుఖం, కోడలికి రోజూ రానూపోనూ పాతిక కిలోమీటర్లు. నైట్ డ్యూటీ ఉన్న మనిషి ఇంటికి దగ్గరగా ఉండాలి, పగటి షిఫ్టు మనిషి కాస్త దూరం పోగలడు. అందుకే నేను కోడలి వైపు మొగ్గుతాను. అవిలాల, తుమ్మలగుంట, పేరూరు వైపు మీ బంధువులు ఉన్నారన్నారు. మంచి ఏరియాలే, స్కూళ్లూ ఉన్నాయి, కానీ ఇద్దరి ఉద్యోగాలకూ అవి ఎదురు దిక్కు. బాలాజీ కాలనీ, ఎయిర్ బైపాస్ రోడ్డు, కేటీ రోడ్డు గురించి మాట్లాడుకోవద్దు, ఈ డబ్బుకు రావు.

విమానాశ్రయం పెరుగుతుంది, ఐఐటీ ఉంది, ఏర్పేడు వైపు రేట్లు ఎగురుతాయి అని మీకు ఎవరో చెప్పారు. ఏర్పేడులో ఐఐటీ, ఐసర్ అనే సైన్సు విద్యాసంస్థ రెండూ ఉన్న మాట నిజమే. తిరుపతి, పాకాల, కాట్పాడి రైలు మార్గం రెండో లైనుకు 2025 ఏప్రిల్లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చిన మాటా నిజమే. ఇవన్నీ స్థలాల మీద పెట్టుబడి పెట్టేవాళ్లు మాట్లాడుకోవాల్సిన సంగతులు. ఇల్లు కొనేవాళ్లకు ముఖ్యం, రాత్రి జ్వరమొస్తే మందుల షాపు ఎంత దూరం అన్నది.

ఇంతవరకూ ఏరియా ఎంపిక, అది పిల్లలకు వదిలేయండి. మీరు చేయాల్సిన పని వేరే ఉంది. వాళ్లకు సెలవులు లేవు, మీకు తీరిక ఉంది, ఊళ్లో నలుగురితో మాట కలపడం వచ్చు. నీళ్లూ కాగితాలూ మీ బాధ్యత.

నీళ్ల గురించి. తిరుపతికి ఉత్తరాన కొండ, దక్షిణాన స్వర్ణముఖి. కొండ మీద కురిసిన వాన కపిలతీర్థం, మాల్వాడిగుండం వంటి చోట్ల దూకి, ఊరి మధ్య నుంచే కిందికి పారాలి. దారిలో ఉన్న వంకలూ కాలువలూ చాలాచోట్ల ఇళ్ల కింద పోయాయి. 2021 నవంబరు వానల్లో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఊళ్లో పల్లపు వీధులు మునిగాయి, స్వర్ణముఖి గట్లు కోసుకుపోయింది, రాయలచెరువు కట్టకు ప్రమాదమని కింది పల్లెలను ఖాళీ చేయించారు. కాబట్టి ఏ ఇల్లు నచ్చినా ఆ వీధిలో ఇస్త్రీ బండి మనిషినో, చిల్లర కొట్టామెనో ఒకటే అడగండి: 2021లో ఇక్కడ నీళ్లు ఎంతదాకా వచ్చాయి? ఇల్లు అమ్మేవాడిని అడగొద్దు. పాత గోడల మీద ఒకే ఎత్తులో బారుగా మరక ఉందేమో చూడండి. అపార్ట్‌మెంటు అయితే కింద పార్కింగ్‌లోకి నీళ్లొస్తే లిఫ్టు గుంత నిండుతుంది, మోటార్లు పోతాయి, మూడో అంతస్తులో ఉన్నా కష్టమే. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వీలైతే కొనడం ఆ మూడు నెలల తరవాత పెట్టుకోండి. ఇంకా మంచిది, అదే వీధిలో ముందు 11 నెలల అద్దెకు ఉండమనండి. అద్దె దండగ అని మీరంటారు. తప్పు ఇల్లు కొని మళ్లీ అమ్మితే కొనేటప్పుడు కట్టిన ఏడున్నర శాతం పూర్తిగా పోయినట్టే.

వేసవి నీళ్లు ఇంకో లెక్క. ఊళ్లోకి కల్యాణి డ్యామ్ నుంచి, కండలేరు నుంచి తెలుగుగంగ నీళ్లు వస్తాయి. కార్పొరేషన్ కుళాయి ఉన్న వీధికీ, పంచాయతీ బోరు మీదే బతికే వీధికీ మే నెలలో తేడా తెలుస్తుంది. అపార్ట్‌మెంటులో అయితే అసోసియేషన్ ఖర్చుల పుస్తకం అడిగి, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లకు ఎంత రాశారో చూడండి. ఆ పుస్తకం చూపించడానికి నసిగితే అదే సమాధానం.

కాగితాల విషయంలో తిరుపతి కొంచెం ప్రత్యేకమైన ఊరు. దేవస్థానం భూములు, హథీరాంజీ మఠం భూములు, ఇనాం భూములు, డీకేటీ పట్టాలు, చెరువు పోరంబోకు, వంక పోరంబోకు అన్నీ ఊళ్లోనూ ఊరి చుట్టూనూ కలిసిపోయి ఉన్నాయి. మఠం భూముల్లో ఇళ్లు కట్టుకుని ఏళ్లుగా నలుగుతున్నవాళ్లున్నారు. శెట్టిపల్లి భూముల వ్యవహారమూ అలాగే చాలాకాలం సాగింది. కరెంటు మీటరు, ఇంటిపన్ను రసీదు, కుళాయి కనెక్షన్ ఉన్నాయని చూపించి ‘అన్నీ క్లియర్ సార్’ అంటారు. అవి ఉన్నంత మాత్రాన నేల వాళ్లది కాదు. మంగళం వైపు పేదలకు ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలాలు చాలా ఉన్నాయి. ఇలా ప్రభుత్వం పేదలకు కేటాయించిన భూముల (అసైన్డ్, డీకేటీ అంటారు) బదిలీని 1977 చట్టం నిషేధించింది. కొన్ని రకాల పట్టాలు గడువు తీరాక అమ్ముకునేలా తరవాత సవరణలు వచ్చాయి గానీ, ఆ సవరణ చూపించి ప్రతి పట్టానూ అంటగడతారు. నోటరీ కాగితం మీద అగ్రిమెంటుతో చేతులు మారిన ఇల్లయితే, ఎంత చవకైనా వెనక్కి వచ్చేయండి.

చూడాల్సిన వరస ఇది. మొదట సర్వే నంబరు తీసుకుని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో నిషేధిత జాబితా, అదే 22ఏ, వెతకండి. పది నిమిషాల పని. అక్కడ కనబడితే ఆ ఇల్లు మరిచిపోండి. తరవాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల చిట్టా. 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించాలి. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి ఇంతకు ముందు చేతులు మారిన పత్రాలు, కనీసం 30 ఏళ్లవి వరసగా ఉండాలి, మధ్యలో ఒకటి పోయిందంటే సర్టిఫైడ్ కాపీ తెప్పించమనండి. ఆ నేల మొదట్లో ఏమిటో ఆర్‌ఎస్‌ఆర్ లేదా ఫెయిర్ అడంగల్ అనే పాత రెవెన్యూ రికార్డు చెబుతుంది, అందులో ప్రభుత్వ భూమి అనో, యజమాని పేరు చోట చుక్కలో ఉంటే లాయరు చూడాల్సిందే. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిన లేఅవుటా, ప్లాను ప్రకారమే కట్టారా, ఆమోదం నాలుగంతస్తులకైతే పైన ఐదోది లేచిందా? ఆ ఐదో అంతస్తు ఫ్లాటే మీకు చవకగా చూపిస్తారు. పంచాయతీ ఆమోదం అని ముద్ర వేసిన పాత లేఅవుట్లు ఊరి చుట్టూ చాలా ఉన్నాయి, తుడా నంబరు లేకపోతే బ్యాంకు దగ్గరే ఆగిపోతారు.

కొత్త ఫ్లాటు అయితే, ఆ కట్టడం 500 చదరపు మీటర్ల స్థలం దాటినా, ఎనిమిది ఫ్లాట్లు మించినా రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా బిల్డరు 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. కడుతుండగా కొంటే జీఎస్టీ ఉంటుంది. ధర 45 లక్షల లోపు, తిరుపతి లాంటి ఊళ్లో కార్పెట్ ఏరియా (ఇంటి లోపలి వైశాల్యం) 90 చదరపు మీటర్ల లోపు ఉంటే 1 శాతమే, లేకపోతే 5. కట్టడం పూర్తయిందన్న సర్టిఫికెట్ వచ్చాక కొంటే, పాతది కొంటే అసలు ఉండదు. నేను పాత ఫ్లాటు వైపు మొగ్గడానికి అదొక్కటే కారణం కాదు. పదేళ్ల కట్టడంలో గోడ చెమ్మ, పగుళ్లు, పక్కింటివాళ్లు, నీళ్లు, అన్నీ కంటికి కనిపిస్తాయి.

పాత ఫ్లాటులో మీ కొలతలు మీరు వేసుకోండి. ‘1,100 అడుగులు’ అంటే గోడలు, మెట్లు, లిఫ్టు వాటా అన్నీ కలిపిన లెక్క, లోపల కాళ్లు పెట్టే చోటు 800 దాకానే ఉండొచ్చు. టేపు పట్టుకెళ్లండి. నేల వాటా ఎంతో డీడ్‌లో చూడండి. మన తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు, సెంటుకు 12.1 అంకణాలు. వంద అంకణాల స్థలంలో పది ఫ్లాట్లుంటే ఒక్కొక్కరికి పది అంకణాలు, అంటే 40 గజాలు రావాలి. ఇరవై ఏళ్ల తరవాత కట్టడానికి విలువ తగ్గినా ఆ గజాలకే విలువ. అన్నట్టు, మీ సంబంధీకులు గూడూరు వాళ్లన్నారు కదా, నెల్లూరు వైపు అంకణం 72 అడుగులు. రేట్లు పోల్చుకునేటప్పుడు ఇద్దరూ ఒకే అంకణం మాట్లాడుతున్నారో లేదో చూసుకోండి.

రీసేల్‌లో తప్పక వచ్చే మాట ఒకటుంది: ‘ప్రభుత్వ విలువకే రిజిస్టరు చేసుకుందాం, మిగతాది క్యాష్ ఇవ్వండి.’ దానికి ఒప్పుకోవద్దు. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం నేరుగా పెనాల్టీకి దారి. అంతకంటే ముందు మీ అప్పే దెబ్బతింటుంది. పత్రం మీద 24 లక్షలు చూపిస్తే దాన్ని చూసే బ్యాంకు అప్పిస్తుంది, 28 రాదు. ఆ నగదు ఎక్కడినుంచి తెస్తారు?

వాస్తు సంగతి అడిగారు. తూర్పు వాకిలి ఫ్లాటుకు అమ్మేవాళ్లు రేటు పెంచుతారు, దక్షిణం వాకిలిది నెలల తరబడి అమ్ముడుపోక తగ్గిస్తారు. మీ ఇంట్లో పట్టింపు లేకపోతే బేరానికి అక్కడే చోటుంది. పట్టింపు ఉంటే ముందే చెప్పేయండి, అన్నీ కుదిరాక ఎవరో పెద్దాయన వచ్చి ఈశాన్యంలో బాత్‌రూమ్ ఉందంటే పిల్లలకు టెన్షన్.

ఒకటి నచ్చిందనుకోండి. టోకెన్ అడ్వాన్సు 50 వేలకు మించకుండా, చెక్కు రూపంలో ఇవ్వండి. అగ్రిమెంటులో రెండు వాక్యాలు రాయించండి. ఒకటి, బ్యాంకు లాయరు లీగల్ ఒపీనియన్‌లో అభ్యంతరం వచ్చినా, అప్పు మంజూరు కాకపోయినా అడ్వాన్సు పూర్తిగా వెనక్కి ఇవ్వాలి. రెండు, అసోసియేషన్ బకాయిలు, ఇంటిపన్ను, కరెంటు బిల్లు రిజిస్ట్రేషన్ తేదీ దాకా అమ్మేవాడివే. అమ్మేవాళ్ల ఇంట్లో అన్నదమ్ములు, ఆడపిల్లలు ఉంటే వాళ్లందరి సంతకాలు అవసరమో కాదో బ్యాంకు లాయరుతో పాటు మీ సొంత లాయరు చేత కూడా చూపించండి. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు క్షేమం. చిత్తూరు కోర్టులో మీకు తెలిసినవాళ్లుంటే తిరుపతి సివిల్ కేసులు చూసే మనిషి పేరు వాళ్లనే అడగండి. డాక్యుమెంట్ల జిరాక్సులు చేతికొచ్చాక వారం గడువు అడగండి, వారం కూడా ఆగలేనన్న అమ్మకందారుతో బేరం వద్దు.